తేవోద్రోస్ పేరున ఒట్టు

ఆ ఏడాది టెఫ్ పైరు మా అత్త అస్కల నడుము దాకా పెరిగింది. మా అత్త పొట్టి మనిషే అనుకోండి, అయినా నడుము నడుమే. ఆవగింజ పక్కన పెడితే కంటికి ఆనని గింజ అది. అంత చిన్న గింజ బరువుకే కంకులు వాలిపోయి గట్టు మీద పడుకున్నాయంటే ఆ నేల ఎలాంటిదో మీరే ఊహించుకోండి. ఊళ్ళోవాళ్ళు పనిగట్టుకుని వచ్చి చూసేవాళ్ళు. చూసి, మూతి ముడుచుకుని వెళ్ళేవాళ్ళు.

ఆ పొలం తేవోద్రోస్ రాజు మాకు ఇచ్చాడని అందరూ అంటారు. అది తప్పు. అది మా అత్తకు వాళ్ళ నాన్న నుంచి వచ్చిన నేల. దొర మనుషులు తమ పొలంతో కలిపేసుకుని దున్నుకుంటుంటే రాజు తిరిగి ఇప్పించాడు. ఇవ్వడం వేరు, ఇప్పించడం వేరు. ఈ తేడా చెప్పకపోతే మా అత్త ఊరుకునేది కాదు, నేనూ ఊరుకోను.

అది అంతకు ముందటి ఏడు, ఆ రాజుకు అప్పుడే పట్టాభిషేకం అయిన రోజుల్లో జరిగింది. దొర పెత్తందారు మా పొలంలో నాగలి కట్టించాడు. మా అత్త వెళ్ళి ఎద్దులకు అడ్డంగా నిలబడి, "తేవోద్రోస్ చచ్చుగాక, ఇది నా పొలం," అంది. మా దేశంలో అన్నిటికన్నా పెద్ద ఒట్టు అదే. నా మాట అబద్ధమైతే రాజు చచ్చిపోవుగాక అని. ఆ మాట చెవిన పడ్డాక దొరైనా సరే, దాసుడైనా సరే, చేస్తున్న పని అక్కడికక్కడ ఆపాలి. ఒట్టు వేసిన మనిషి పైబట్టకూ తన పైబట్టకూ ముడి వేయించుకుని న్యాయం చెప్పేవాళ్ళ దగ్గరికి నడవాలి. ఆపనివాడు రాజు చావు కోరినట్టే లెక్క. పెత్తందారు పళ్ళు నూరుకుంటూ నాగలి వదిలాడు. మా అత్త అతన్ని తన బట్టకు ముడేసుకుని, కొండ దిగి, లోయలో విడిది చేసిన రాజుగారి గుడారాల దాకా దూడను తోలుకెళ్ళినట్టు తోలుకెళ్ళింది.

"ఈ వయసులో కొంగుముడేంటి అస్కలా," అని దారిలో ఆడవాళ్ళు నవ్వారట.

"వీడు నచ్చకే కదమ్మా, విప్పించుకోడానికి పోతున్నా," అందట మా అత్త.

గుడారం బయట నిలబడి గొంతు పోయేదాకా న్యాయం న్యాయం అని అరిచింది. లోపలికి పిలిచారు. లోపల ఒక తెర, తెర వెనక రాజు. ఆయన మొహం మాలాంటివాళ్ళు చూడకూడదు, మాట వినకూడదు. ఒక అధికారి లోపలి మాట విని బయటికి చెబుతాడు. "పొలం అస్కలది," అని ఆ అధికారి చెప్పాడు. ముడి విప్పారు. ఆమె ఇంటికొచ్చింది.

ఆ రాజు తొమ్మిది నెలలు ఏలాడు. వానలు పడే వేళకు, అవాష్ నది అవతల యుద్ధంలో పోయాడని కబురొచ్చింది. మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఊరు ఊరంతా ఏడ్చింది, అది నిజమే, కాదనను. కానీ ఏడ్చి ఊరుకుంటేనా. శవాన్ని ఎవరు చూశారు అని ఒకడు లేవదీశాడు. ఇంకొకడు చూడలేదన్నాడు. గద్దె మీదికి కొత్త రాజు వచ్చినా సరే, వానలు వెలిసేసరికి తేవోద్రోస్ అసలు చావనే లేదు, ఏదో కొండ గుహలో ప్రార్థనలో ఉన్నాడు, తిరిగొస్తాడు, వచ్చాక ఈ దేశంలో ఆకలి, జబ్బు, దొర అనేవే ఉండవు, అనే దాకా వచ్చింది. అందరికన్నా గట్టిగా నమ్మినవాడు మా ఆయన ఎంగిద.

ఎంగిదను నేను తప్పు పట్టను. వాళ్ళ నాన్న పోయిన నాటి నుంచి పెద్దవాళ్ళనే ప్రతివాడూ వాళ్ళ దగ్గర లాక్కున్నవాడే. ఇప్పించినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ పోయాడంటే అతనికి మింగుడు పడలేదు.

వానలు వెలిశాక వచ్చే సిలువ పండుగ మస్కల్‌కు పూసే పసుపు పూలు కొండల మీద ఇంకా వాడకముందే కిరాకోస్ అనే సన్యాసి మా ఊరు వచ్చాడు. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉండేవాడు. ఊరూరా తిరిగి తేవోద్రోస్ రాక గురించి చెబుతున్నాడట. మా ఊరిపెద్ద ఎషెతె అతన్ని తన ఇంట్లో పెట్టుకుని, ఒకరోజు మా ఇంటికి వెంటబెట్టుకొచ్చాడు. నేను టెఫ్ పిండితో పోసిన ఇంజెరా అట్లు వడ్డించాను. సన్యాసులు ఉపవాసాలతో ఎండిపోతారని విన్నాను గానీ ఈయన నా చేత మూడుసార్లు పెట్టించుకున్నాడు.

"కోతలయ్యాక, బాప్తిస్మం పండుగ తింకత్‌కు రాజు వస్తున్నాడు," అన్నాడు చేయి కడుక్కుంటూ. "నాకు కనిపించాడు. ఆయన గుడారం వేసేది మీ పొలంలోనే. పైరు కోసి గింజంతా ఆయన విందుకు పక్కన పెట్టాలి. ఆ తర్వాత నేల ఆయన పేరున చర్చికి ఉండిపోతుంది. ఎంత అదృష్టం తల్లీ మీది."

మా ఏడాది తిండి అంతా ఆ పొలంలోనే ఉంది. నేను మా అత్త మొహం చూశాను.

"మేమేం తినాలి?" అంది ఆమె.

"ఆయన వచ్చాక ఆకలే ఉండదు కదా. పైగా ఆయన ఇచ్చిన నేల. ఆయనకే పెడితే తప్పేముంది?"

"ఆయన ఇచ్చింది కాదు, ఇప్పించింది. వెనక్కి లాక్కునేవాడైతే ఇప్పించేవాడే కాదు."

"రాజు విందుకు గింజ ఇవ్వనంటావా?"

"రానీ. వచ్చి అడగనీ. నా చేత్తో నేనే వండి పెడతా. మధ్యలో నువ్వెవరివయ్యా, ఆయన వంటవాడివా?"

"అమ్మా," అన్నాడు ఎంగిద. సన్యాసి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు అతను.

వాళ్ళు వెళ్ళాక తల్లీకొడుకులకు మాటా మాటా పెరిగింది. నేను గిన్నెలు తోముతూ విన్నాను. తోమినవే తోముతూ విన్నాను.

"ఒరేయ్, ఆయన చచ్చిపోయాడురా."

"నువ్వు చూశావా?"

"చూడాలా? మనిషన్నాక యుద్ధానికి పోతే చావడా?"

"మనకు న్యాయం చేసినాయన అట్లా ఊరికే చచ్చిపోతాడా అమ్మా?"

మా అత్త పొయ్యిలో నిప్పు కప్పేసింది. "ఆ గింజ జోలికి మాత్రం పోకు," అంది.

కోతకు ఇంకొన్నాళ్ళు ఆగుదామనుకుంటుండగా, ఒకనాడు పొద్దున్నే ఎంగిద కొడవలి తీసుకుని చెప్పాపెట్టకుండా వెళ్ళాడు. నేను నీళ్ళకు వెళ్ళి వస్తూ చూశాను. సగం ఊరు మా పొలంలో దిగి ఉంది. వరుస కట్టి కోస్తున్నారు, కోస్తూ తేవోద్రోస్ పేరున పాడుతున్నారు. గట్టు మీద కిరాకోస్ చేతికర్ర ఊపుతున్నాడు, పక్కన ఎషెతె. దొర మనుషులు దున్నినప్పుడు కూడా నాకంత కడుపు మండలేదు. వాళ్ళు దొంగలని అందరికీ తెలుసు, వాళ్ళకూ తెలుసు. వీళ్ళు దేవుడి పాట పాడుతూ మా తిండి కోసుకుపోతున్నారు. కుండ అక్కడే దించేసి ఇంటికి పరిగెత్తాను.

మా అత్త అరవలేదు, తిట్టలేదు. పెనం మీదున్న ఇంజెరా తీసి బుట్టలో వేసింది. చేతులు కడుక్కుంది. పైబట్ట సర్దుకుని బయలుదేరింది. వెనకాల నేను.

గట్టెక్కి నిలబడి, "తేవోద్రోస్ చచ్చుగాక," అంది. "ఈ పొలం నాది. కొడవళ్ళు ఆపండి."

పాట ఆగింది. కొడవళ్ళు ఆగాయి. అలవాటు అలాంటిది, ఆ మాట వింటే మా చేతులు వాటంతటవే ఆగిపోతాయి. ఎంగిద ఒక చేత్తో దుబ్బు పట్టుకుని, రెండో చేత్తో కొడవలి దానికి ఆనించి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"కోయండి," అన్నాడు కిరాకోస్. "ఆ ఒట్టు చెల్లదు."

ఎవరూ కదలలేదు.

"ఒట్టు వేయాలంటే కొత్త రాజు పేరున వేయాలి. నువ్వు చెప్పవయ్యా ఎషెతే."

"అవును, కొత్త రాజు పేరునే," అన్నాడు ఎషెతె. "పద్ధతి అదే కదా."

ఎంగిద నడుమెత్తాడు. "ఎందుకు తండ్రీ?"

"ఎందుకేంట్రా. ఉన్న రాజు పేరునే కదా ఒట్టు."

"మరి ఈయన లేడా?"

వెక్కిరిస్తున్నాడనుకునేరు. వెక్కిరించడం మా ఆయనకు చేతకాదు. తెలియకే అడిగాడు, తెలుసుకుందామనే అడిగాడు. కోసేవాళ్ళందరూ సన్యాసి వంక చూశారు. ఆయన కర్ర నేలకు ఆనించాడు.

"ఉన్నాడు. నువ్వనుకునేటట్టు కాదు. మరో తీరుగా ఉన్నాడు."

"ఏ తీరుగా తండ్రీ? తింకత్‌కు వచ్చి ఈ గింజ తింటాడన్నారు కదా. తినడానికి ఉన్నాయన ఒట్టుకు మాత్రం లేకుండా ఎట్లా పోతాడు?"

కిరాకోస్ కర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. ఎంగిద తన చేతిలోని దుబ్బును కోయకుండా వదిలేశాడు. కొడవలి నడుముకు దోపుకుని వచ్చి వాళ్ళమ్మ పక్కన నిలబడ్డాడు. కోసేవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు గట్టెక్కి ఇళ్ళకు పోయారు.

మా అత్త సన్యాసి పైబట్ట అంచు పట్టుకుంది. "పద, ముడేసుకుందాం. న్యాయాధికారి దగ్గర తేల్చుకుందాం."

ఎషెతె మధ్యలో దూరాడు. "ఆయన కొత్త రాజు దండు వెంట పోయాడు కదా అస్కలా. ఎప్పుడొస్తాడో ఏమో. తింకత్ కానీ, ఊళ్ళోనే కూర్చుని మాట్లాడుకుందాం."

ఆమె బట్ట వదిలింది. వదలకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ నాకనిపిస్తుంది.

మిగిలిన పైరు మేమే కోసుకున్నాం. కళ్ళం అలికి, ఎద్దులతో తొక్కించి, తూర్పారబట్టి, గింజ కుప్ప పోశాం. సాయానికి ఒక్కరు రాలేదు. మాకు ఎవరి కోతలకు పిలుపూ రాలేదు. ఎంగిద కళ్ళంలో ఎద్దుల వెనక తిరుగుతూ ఒకసారి అడిగాడు.

"అమ్మా, ఆయన ఉన్నాడని నమ్మే ఒట్టేశావా?"

"లేదురా. పోయాడని నాకు తెలుసు."

"మరి పోయినాయన పేరున ఎట్లా వేశావు?"

"పోయినాయన చెప్పిన మాట పోలేదు కదరా. పొలం అస్కలది అన్నాడు. ఆ మాట ఇంకా ఉంది. దానికి విలువుందో లేదో చూద్దామని వేశాను."

ఎంగిద ఎద్దుల్ని అదిలించుకుంటూ చాలాసేపు తిరిగాడు. ఆ రోజు నుంచి మళ్ళీ అతని నోట రాజు తిరిగి రావడం గురించి మాట వినలేదు నేను.

తింకత్ వచ్చింది. అందరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చి పీఠం మీది పవిత్ర పలకను ఊరేగిస్తూ వాగు దగ్గరికి తీసుకెళ్ళారు. పూజారి నీళ్ళు చల్లుతుంటే ఒక్కడూ నీళ్ళ వంక చూడలేదు, అందరి చూపూ దారి మీదే. దుమ్ము లేస్తే చాలు, లేచి నిలబడేవాళ్ళు. గాడిదల మీద ఉప్పు వేసుకుని వర్తకులొచ్చారు. పెళ్ళివారొచ్చారు. పొద్దు వాలింది. రాజు రాలేదు.

నేను మనసులో అనుకున్నాను, పీడ వదిలింది, ఇక ఈ సన్యాసి మూటాముల్లె సర్దుకుంటాడని. ఎంత తెలివితక్కువదాన్నో.

మర్నాడు చర్చి ప్రహరీ పక్కన ఊరంతటినీ కూర్చోబెట్టారు. కిరాకోస్ లేచాడు. సిగ్గు లేదు, తడబాటు లేదు.

"రాజు బయలుదేరాడు," అన్నాడు. "దారిలోనే ఆగిపోయాడు. కోతల నాడు ఈమె ఏమంది? పొలం నాది కాకపోతే తేవోద్రోస్ చచ్చుగాక అంది. మీరందరూ చెవులారా విన్నారు. ఒట్టు నిజమే అయితే ఆయన నిన్న ఇక్కడ ఉండేవాడు. లేడు. అంటే ఒట్టు అబద్ధం, పొలం ఈమెది కాదు. ఆయన రాకను చంపింది ఈమె."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా మండిపోయింది. వస్తాడని చెప్పినవాడు ఇతను. రానందుకు తలెత్తుకోలేకుండా ఉండాల్సినవాడు ఇతను. నమ్మి తెల్లబట్టలు కట్టుకుని దారి చూసినవాళ్ళకు కోపం రావాల్సింది ఇతని మీద. అలాంటిది అందరి తలలూ మా అత్త వైపు తిరిగాయి. మా పక్కన కూర్చున్న ఆడవాళ్ళు సిలువ గీసుకుని జరిగి కూర్చున్నారు.

ఎంగిద లేచాడు. "ఆ పేరున ఒట్టు చెల్లదన్నది మీరే కదా తండ్రీ. గట్టు మీద నిలబడి అన్నారు. చెల్లని ఒట్టు రాజునెట్లా చంపింది?"

అంతకన్నా తిన్నని మాట మా ఊళ్ళో అంతకుముందూ ఎవరూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. కొందరు తలలు దించుకున్నారు. ఎషెతె చేయెత్తి అతన్ని ఆపాడు.

"నువ్వామె కొడుకువి. నీ మాట లెక్కలోకి రాదు. అయినా, ఇదొక్కసారేనా? పోయినేడు పెత్తందారు మీద కూడా ఇదే ఒట్టు వేసింది. ఆ వానలకే రాజు పోయాడు. ఇంకా నన్ను చెప్పమంటావా?"

రాజు పోయాడు అన్నాడు. వస్తాడు వస్తాడు అని ఇన్నాళ్ళు ఊరును ఊపిన నోటితోనే పోయాడు అన్నాడు. ఒక్కరికీ అది వినబడలేదు. వాళ్ళకు వినబడింది ఒక్కటే. తొమ్మిది నెలలకే ఆ మంచి రాజు ఎందుకు పోయాడో ఇన్నాళ్ళకు తెలిసింది. చూడండి వాళ్ళ మొహాలు ఎంత తేటపడ్డాయో అప్పుడు. కారణం దొరికింది. కారణం వాళ్ళ మధ్యే కూర్చుని ఉంది, పొట్టిగా, ముసలిదై.

మా అత్త కూర్చునే మాట్లాడింది.

"నాకు న్యాయం చెప్పిన రోజు ఆయన దగ్గుతున్నాడు. మాట వినబడకూడదని తెర కట్టారు గానీ, దగ్గుకు తెర అడ్డమా. నేను విన్నాను. వానలో తడిసి సరిగా తుడుచుకోని మనిషి దగ్గు. ఇంటికొచ్చి ఈ పిల్లతో అన్నాను, అంతమంది ఉన్నారే, మెంతులు కాచి ఇచ్చేవాళ్ళు ఒక్కరు లేరా ఆయనకి, అని. అడగండి."

"అంది," అన్నాను నేను.

"ఆయన మీకు దేవుడు కావాలి, మళ్ళీ రావాలి, మీ ఆకలి తీర్చాలి. బావుంది. ఆ నది అవతల పడిపోయినప్పుడు ఆయన నోట్లో ఎవరైనా గుక్కెడు నీళ్ళు పోశారా అని మీలో ఒక్కడు అడిగాడా? నేనడిగాను. వచ్చిన ప్రతి సిపాయినీ అడిగాను. నేను చంపానంటారా ఆయన్ని?"

జవాబివ్వకుండానే తీర్పు చెప్పారు. పొలం చర్చికి, గింజ రాజు పేరున విందుకు. అదే రోజు గాడిదలు తెచ్చి కుప్ప తోడుకుపోయారు. విందుకు ఊరంతా కూర్చుని తిన్నారు. తిని, ఆయన కోసం ఏడ్చారు. ఎంగిద ఎద్దుల్ని తోలుకుని ఎవరూ దున్నని రాళ్ళ వాలు మీదికి పోయాడు. మా బతుకంతా ఆ రాళ్ళ మీదే గడిచింది. మా అత్త మరో రెండు కోతలు చూసి పోయింది. మోయడానికి ఊళ్ళోవాళ్ళు రాలేదు. నేనూ ఎంగిదా, వాళ్ళ పెత్తల్లి కొడుకులూ మోశాం.

కిరాకోస్ పోయాడు, ఎషెతె పోయాడు, ఎంగిద కూడా పోయాడు. పోనిది ఆ కథ ఒక్కటే. మా పొలంలో ఇప్పుడు తేవోద్రోస్ పేరున చర్చి ఉంది. వానలు మొదలయ్యే సెనె నెలలో ఆయన పండుగకు ఎక్కడెక్కడి జనమో వస్తారు. నలభై ఏళ్ళు ఏలాల్సిన రాజు తొమ్మిది నెలలకే ఎందుకు పోయాడో పూజారి చెబుతాడు. ఒక పేరాశ ముసలిది పరుల పొలం కోసం ఆయన మీద దొంగ ఒట్టు వేసిందట. జనం తూ అని ఉమ్ముతారు. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కుంటారు. ఆయన చేసిన న్యాయం ఏదీ అంటే చెప్పడానికి ఆ పూజారి దగ్గర ఒక్కటి లేదు. ఉన్న ఒక్కదాన్నీ వాళ్ళే దొంగ ఒట్టు చేసేశారు.

పండుగ నాడు చుట్టూ ఉన్న పొలం గింజతో ఇంజెరా చేసి పంచుతారు. నేను ప్రతి ఏడూ వెళ్ళి వరుసలో నిలబడతాను. ఈ ఏడు వడ్డించే ఆవిడ కొత్తది, పొరుగూరు నుంచి వచ్చింది.

"తీసుకో అవ్వా, రాజుగారి ఇంజెరా," అంది.

"రాజుగారిది కాదమ్మా, మా అత్తది. ఆమె పేరు అస్కల. లోపల మీరంతా ఉమ్మి వచ్చారే, ఆ ముసలిది ఆమే."

ఆవిడ చేయి అలాగే ఆగిపోయింది. నా వెనకవాళ్ళు తొంగి చూశారు. నేను ఆ ఇంజెరా తీసుకుని పైబట్టలో కట్టుకుని, మళ్ళీ చేయి చాపాను.

"మనిషికి ఒకటే అవ్వా," అంది నెమ్మదిగా.

"ఇది మనిషికిచ్చిన ఒకటి. ఇప్పుడు పొలం వాళ్ళ వాటా పెట్టు."

వెనక వరుస ఆగిపోయింది. ఎవరో గొణిగారు, ఎవరో పూజారిని పిలవమన్నారు. పిలుచుకోనీ. నేను చేయి దించలేదు.